గ్రంథస్వామ్యము – దాని పొలిమేర

పాత తెలుగు పుస్తకముల ముఖపత్రములందు ‘సర్వస్వామ్య సంకలితము’ అను ముద్ర తఱచుగా గానవచ్చుచుండును. ఆ మాటను చూడని చదువరి యుండడు. దాని యర్థమును విచారించినవారు మాత్రము అరుదు. గ్రంథముపై స్వామ్యము ఎవరిది? అది యెంతకాలము నిలుచును? దాని పొలిమేర యెక్కడ? ఈ ప్రశ్నలు న్యాయవాదులకును ముద్రాపకులకును మాత్రమే సంబంధించినవని సామాన్యజనులు తలంచుచుందురు. కాని బిడ్డకు పాఠ్యపుస్తకము కొను తండ్రికిని, గ్రంథాలయమునకు చందా నిచ్చు గృహస్థునకును, గుడిలో భాగవతము చదివించు ధర్మకర్తకును, కథ వ్రాసి పత్రికకు పంపు యువకునకును ఇవి స్వవిషయములే.

నేడు మేము ఈ విషయమును పాఠకుల యెదుట నుంచుటకు తగిన కారణము గలదు. మన సమాజమున రెండు దోషములు ఒక్కమారే పెరుగుచున్నవి. బ్రదికియున్న రచయిత పుస్తకమును పుటపుటకు ఛాయాచిత్రము తీసి, చేతిఫోనులలో వేలమందికి పంచుట పుణ్యకార్యమని యెంచువారు కొందఱు. వందల యేండ్లనాటి పద్యకావ్యమును అచ్చొత్తించి, ‘సర్వహక్కులు మావి, ఇతరులు ముద్రించినచో శిక్షార్హులు’ అని హెచ్చరించువారు మఱికొందఱు. మొదటివారు పరుల సొత్తును ఊరుమ్మడి సొత్తనుకొనుచున్నారు. రెండవవారు ఊరుమ్మడి సొత్తును తమ పట్టా యనుకొనుచున్నారు. రెండును హద్దు తెలియక చేయు తప్పులే. ఈ హద్దురాళ్లను పాతుటలో శాసనసభలకంటె న్యాయస్థానములు తక్కువ పని చేయలేదు. ఏ తీర్పు ఏ రాతిని పాతినదో తెలిసికొనినగాని మన హక్కును మనము కాపాడుకొనలేము. పరుల హక్కును గౌరవింపనులేము.

ఓరుగంటి సీమవారికి ఈ చర్చ క్రొత్తది కాదు. బమ్మెర పోతరాజు తన భాగవతమును రాచకొండ ప్రభువగు సర్వజ్ఞ సింగభూపాలునకు అంకితమీయ నిరాకరించెననియు, ఆ ప్రభువు కోపించి వ్రాతప్రతిని భూమిలో పాతిపెట్టించెననియు, పిమ్మట వెలికి తీసినప్పుడు కొన్ని భాగములు శిథిలమై యుండెననియు జనశ్రుతి. ఆ కథను నమ్మినను నమ్మకున్నను, గంగన, సింగన, వెలిగందల నారయ యనువారు కొన్ని స్కంధములను పూరించినమాట సత్యము. ఈ జనశ్రుతిలో ఆ కాలపు స్థితి చక్కగా దెలియుచున్నది. తాటియాకుల కాలమున ప్రతి యెవరి చేతనున్న కావ్యము వారి చేతనుండెను. ప్రతి నశించిన కావ్యమే నశించెడిది. కనుక ప్రతి వ్రాయుట దొంగతనము కాదు, పుణ్యము. కవికి దొరకునది అంకితముచే వచ్చు అగ్రహారమో, కనకాభిషేకమో, కీర్తియో గాని, ప్రతికొక రూకయను మాట లేదు.

అట్లని మన పెద్దలకు కావ్యచౌర్యము తెలియదనుట పొరపాటు. రాజశేఖరుడు తన కావ్యమీమాంసలో శబ్దహరణమునకును అర్థహరణమునకును వేర్వేఱుగా అధ్యాయములు కేటాయించి, ఏది హరణము, ఏది స్వీకరణము అని సూక్ష్మముగా విభజించినాడు. వారు దోషమని యెంచినది పరుని మాటను తన మాటగా చెప్పికొనుట. పరుని గ్రంథమునకు ప్రతి తీయుట దోషముగా నెంచలేదు. ప్రతి తీయుటలో లాభము లేక శ్రమయే యున్నంతకాలము ఆ విభాగము చాలెను. అచ్చుయంత్రము వచ్చి, ఒక్క దినమున వేయి ప్రతులు తీయగలిగినప్పుడు చాలకపోయెను.

ఆ చిక్కు మొదట ఇంగ్లండులో తెగినది. లండను పుస్తకవిక్రేతలు తాము కొన్న గ్రంథములపై తమకు శాశ్వతముగా గుత్త గలదని నడుపుకొనుచుండిరి. 1710 లో ఆన్ రాణి కాలమున చేసిన శాసనము మొదటిసారిగా రెండు సంగతులు చెప్పినది: హక్కు గ్రంథకర్తది, దానికి గడువు గలదు. క్రొత్త పుస్తకమునకు 14 ఏండ్లు. అప్పటికి గ్రంథకర్త జీవించియున్నచో మఱి 14 ఏండ్లు. అంతకుముందే అచ్చయిన పుస్తకములకు 21 ఏండ్లు. గడువు తీరినకొలది వర్తకులు న్యాయస్థానముల కెక్కిరి. శాసనము సంగతి యెట్లున్నను, తన చెమటతో చేసినది తనదే యను సనాతనన్యాయముచే తమ హక్కు ఎన్నటికిని పోదని వాదించిరి.

జేమ్స్ థామ్సన్ అను కవి ఋతువర్ణనకావ్యముపై రెండు వ్యాజ్యములు నడిచెను. కవి 1748 లోనే గతించెను, పోరాడినది వర్తకులు. 1769 లో మిల్లరు, టేలరుల వ్యాజ్యమున మాన్స్‌ఫీల్డు ప్రభువు నధ్యక్షతనున్న న్యాయపీఠము శాశ్వతహక్కు గలదని తీర్పు చెప్పెను. వర్తకులు పండుగ చేసికొనిరి. ఆ పండుగ అయిదేండ్లే నిలిచెను. ఎడింబరో పట్టణమునకు చెందిన డొనాల్డ్‌సన్ అను పుస్తకవిక్రేత అదే కావ్యమును చౌకగా అచ్చొత్తి యమ్మెను. బెకెట్ మొదలగువారు ఆయనపై దావా తెచ్చిరి. 1774 ఫిబ్రవరిలో ప్రభువులసభ శాశ్వతహక్కును త్రోసివేసి, అచ్చయిన గ్రంథముపై హక్కు శాసనము ఇచ్చినంతమేరకే యని తేల్చెను. భూమిని వాడుకొని చెప్పవలెనన్నచో, గ్రంథస్వామ్యము పట్టా కాదు, కౌలు. గడువు తీరినపిమ్మట నేల ఊరిది. అటుతర్వాత పూర్వకవుల గ్రంథములు ఆ దేశమున చౌకప్రతులుగా వెలువడి సామాన్యుల యిండ్లకు జేరెను.

తన దేశమున ఇట్లు విద్యకు త్రోవ తీసిన న్యాయమును ఆంగ్లేయుడు మన దేశమునకు తెచ్చినప్పుడు వర్తకుని సంచిలో పెట్టి తెచ్చెను. 1847 లో కుంపిణీ ప్రభుత్వము 20 వ చట్టముచే, ప్రకటనమునుండి 42 ఏండ్లుగాని గ్రంథకర్త జీవితమును దానిపై 7 ఏండ్లుగాని, ఏది యెక్కువైన దానిని గడువుగా నేర్పరచెను. పిమ్మట నడచిన పెద్ద వ్యాజ్యములలో లండనుకు చెందిన మాక్మిలన్ సంస్థ పేరు మాటిమాటికి వాదిస్థానమున కనబడుట గమనింపదగినది. పాఠశాలలు పెరిగెను, పాఠ్యపుస్తకము బంగారుగనియైనది, గని యున్నచోట గట్టు తగాదా తప్పదు.

1890 లో కలకత్తాలో మాక్మిలన్ వారు సురేశచంద్ర దేవునిపై తెచ్చిన వ్యాజ్యమున, పాల్‌గ్రేవు కూర్చిన ఆంగ్లపద్యసంకలనము చర్చకు వచ్చెను. పద్యములలో పెక్కింటిపై ఎవరికిని హక్కు లేదు. కాని వేల పద్యములనుండి యేరి యొక క్రమమున కూర్చుటలో నేర్పున్నది, ఆ యేర్పును యథాతథముగా తీసికొనుట తగదని న్యాయస్థానము పలికెను. అంతకొక యేడు ముందు, 1889 లో బొంబాయి హైకోర్టు మన హిందూగ్రంథమునే విచారించెను. గంగావిష్ణు శ్రీకృష్ణదాసు పండితులచే పరిష్కరింపించి అచ్చొత్తించిన ‘వ్రతరాజము’ను హెగిష్టే యనువారు అట్లే ముద్రింపగా, ప్రాచీనగ్రంథమైనను క్రొత్త పరిష్కరణమునందు శ్రమయు పాండిత్యమును ఉన్నచో ఆ పరిష్కరణమునకు రక్షణ గలదని తీర్పు వచ్చెను. మూలము ఊరిది; దానిపై చేసిన సేద్యము సేద్యగానిది.

ఈ సూత్రమునకు తుదిమెఱుగు 1923 ఆఖరున ప్రీవీకౌన్సిలు పెట్టెను. ప్లూటార్కు వ్రాసిన అలెగ్జాండరు చరిత్రకు నార్తు అను ప్రాచీనుడు చేసిన ఆంగ్లానువాదమునుండి కొన్ని భాగములు తీసి, టిప్పణములు చేర్చి మాక్మిలన్ వారు విద్యార్థులకై ప్రకటించిరి. బొంబాయికి చెందిన కూపర్ సంస్థవారు అటువంటి పుస్తకమునే వేసిరి. పాతగ్రంథమునుండి కొన్ని పంక్తులు తొలగించి మిగిలినది అచ్చువేసినంతమాత్రమున అది క్రొత్త గ్రంథము కాదు, దానిపై హక్కు పుట్టదు; కాని విద్వత్తుతో వ్రాసిన టిప్పణములు మాత్రము వ్రాసినవారివే యని కౌన్సిలు తేల్చెను. విదేశవర్తకుడు వాదియైనను, తీర్పు మన బీదముద్రాపకునకు సగము త్రోవ విడిచినది. మన పోతన, తిక్కన, వేమనల విషయమున ప్రతి ముద్రాపకుడును కంఠస్థము చేయవలసిన తీర్పు ఇది.

అనువాదముల కథ మఱింత చిత్రమైనది. మాక్మిలన్ వారి ఆంగ్లగ్రంథములను ఉర్దూలోనికి మార్చినందుకు జకా యను విద్వాంసునిపై తెచ్చిన వ్యాజ్యమున, 1895 లో బొంబాయి హైకోర్టు అనువాదము హక్కుభంగము కాదనెను. 1911 లో ఆంగ్లసామ్రాజ్యచట్టము వచ్చి, గ్రంథకర్త మరణించిన పిమ్మట 50 ఏండ్లవఱకు హక్కును పొడిగించి, అనువాదమును సైతము అందులో చేర్చెను. అయినను 1914 లో దానిని ఈ దేశమున కన్వయించు చట్టమున ఒక మంచి నియమము చేరెను. బ్రిటిషు ఇండియాలో మొదట ప్రకటింపబడిన గ్రంథముపై అనువాదహక్కు 10 ఏండ్లే నిలుచును; ఆ గడువులో గ్రంథకర్త ఏ భాషలో అనువాదము ప్రకటించినచో ఆ భాషకు మాత్రము హక్కు కొనసాగును. బహుభాషాదేశమునకు ఇది తగిన ధర్మము. వంగనవలలు తెలుగింటికి చేరిన కాలమది. శరత్తును చక్రపాణి తెనిగింపగా చదివి కన్నీరు పెట్టని యిల్లు ఆంధ్రదేశమున అరుదు. ఒక భాష తలుపు మఱియొక భాషకు తెఱచియుండుట జాతి యైక్యమునకు ఎంత సాయపడెనో వేఱుగ చెప్పనక్కఱలేదు.

స్వాతంత్ర్యానంతరము మన పార్లమెంటు 1957 లో స్వంతచట్టము చేసెను. అది 1958 జనవరి 21 నుండి దేశమంతట అమలులోనికి వచ్చెను. పదేండ్ల నియమము పోయినది. దానికి మాఱుగా, ప్రకటనమునకు ఏడేండ్లు గడచిన గ్రంథమును అనువదించుటకు అధికారపీఠమునుండి అనుమతిపత్రము పొందవచ్చునని 32 వ విభాగము చెప్పుచున్నది. 2021 లో చేసిన సంస్కరణములచే ఆ యధికారము వాణిజ్యన్యాయస్థానములకు సంక్రమించినది. తలుపు మూయలేదు గాని గొళ్లెము పెట్టిరి.

స్వతంత్రభారతమున మన సుప్రీంకోర్టు పాతిన హద్దురాళ్లలో మొదట చెప్పదగినది 1978 నాటి ఆర్. జి. ఆనంద్ తీర్పు. ‘హమ్ హిందుస్తానీ’ యను తన నాటకమును 1956 లో వెలువడిన ‘న్యూ ఢిల్లీ’ చలనచిత్రము అపహరించినదని ఆ రచయిత వాదించెను. భావమునకు, ఇతివృత్తమునకు, చారిత్రకములును పౌరాణికములునగు సంగతులకు స్వామ్యము లేదు. ఆ భావమును చెప్పిన తీరునకే స్వామ్యము గలదు. రెండింటిని చూచినవానికి ఇది దానికి నకలే యని నిస్సంశయముగా తోచినప్పుడే హక్కుభంగము అని న్యాయస్థానము నిర్ణయించెను. నాటకకర్త ఓడిపోయెను, కాని వేలమంది రచయితలకు త్రోవ తెఱచుకొనెను.

ఈ తీర్పును ఓరుగల్లుకు అన్వయించి చూడుడు. కాకతీయుల కథ ఎవరి సొత్తు? వేదము వేంకటరాయశాస్త్రిగారు 1897 లో ‘ప్రతాపరుద్రీయ’ నాటకము వ్రాసిరి. నోరి నరసింహశాస్త్రిగారు రుద్రమదేవిపై నవల వ్రాసిరి. 2015 లో రుద్రమదేవి చలనచిత్రమైనది. వీరిలో ఎవరును మఱియొకరిని అడుగవలసిన పని లేదు. రుద్రమ, ప్రతాపరుద్రులు చరిత్రకు చెందినవారు, చరిత్ర ప్రజలది. మేడారమున కోట్లమంది మ్రొక్కు సమ్మక్క సారలమ్మల గాథయు నట్టిదే. కాని శాస్త్రిగారు పేరిగానికి పెట్టిన మాటలు శాస్త్రిగారివి. వారు 1929 లో గతించుటచే, 50 ఏండ్ల నియమము ననుసరించి 1979 తో ఆ హక్కును తీరిపోయినది. నేడు ఆ నాటకమును ఏ బడిపిల్లలైనను నిర్భయముగా ఆడవచ్చును.

పాఠ్యగ్రంథములకు వ్రాయు ‘గైడ్ల’ సంగతి మన పట్టణములందు పెద్ద వ్యాపారము. 1964 లో మదరాసు హైకోర్టు ఈ.ఎమ్. ఫార్స్టరు నవలకు పరశురామన్ అను నతడు ప్రకటించిన గైడును విచారించి, అది నవలకు నకలు కాదు, విద్యార్థి కుపకరించు వేఱు రచన యని, ఆ ప్రసిద్ధరచయిత వాదమును అంగీకరింపలేదు. కథాసారమును, పాత్రలగుణములను స్వంతమాటలలో వివరించుట తప్పు కాదు. దీనిని చూపి మూలమునే పుటలు పుటలుగా దింపుకొనువారు ఆ తీర్పు నీడలో నిలువజాలరు.

2007 డిసెంబరులో వచ్చిన ఈస్టర్న్ బుక్ కంపెనీ తీర్పు మఱియొక మెట్టు ముందునకు వేసెను. న్యాయస్థానముల తీర్పులపై ఎవరికిని గుత్త లేదు. వానిని అచ్చువేయువాడు పడిన శ్రమయు పెట్టిన ధనమును మాత్రమే చూపి హక్కు కోరరాదు. అందు కొంతయైనను స్వంతబుద్ధి ప్రసరింపవలెను అని సుప్రీంకోర్టు చెప్పెను. 1889 నాటి వ్రతరాజపు తీర్పును దీని వెలుతురున చదువవలెను. పోతన పద్యములను అచ్చుతప్పులు దిద్ది వేసినంతమాత్రమున స్వామ్యము రాదు. పాఠభేదములు పరిశీలించి, టీకాతాత్పర్యములు వ్రాసి, పీఠిక సంతరించిన పండితునకు ఆ టీకపై, ఆ పీఠికపై హక్కు గలదు, పద్యముపై లేదు.

ఇంతవఱకు చెప్పినది గట్టు సంగతి. గడువు సంగతి యింకను ముఖ్యమైనది. విశ్వకవి రవీంద్రుడు 1941 లో గతించుటచే 1991 తో ఆయన గ్రంథములు ప్రజలకు రావలసియుండెను. విశ్వభారతి గడువు పొడిగింపు కోరెను. 1991 డిసెంబరు చివర ఆర్డినెన్సును, 1992 లో సవరణచట్టమును తెచ్చి 50 ఏండ్లను 60 చేసిరి. అప్పుడు ప్రధానమంత్రి మన ఓరుగల్లు మండలమున లక్నేపల్లిలో జన్మించిన పాములపర్తి వేంకట నరసింహారావుగారు. ఆయన స్వయముగా అనువాదకుడు, విశ్వనాథవారి వేయిపడగలను హిందీలో ‘సహస్రఫణ్’గా తీర్చినవాడు, ఈ పట్టణమునుండి వెలువడిన కాకతీయపత్రికలో పాములపర్తి సదాశివరావుగారితోకూడి జయ-విజయ యను జంటపేర వ్రాసినవాడు. గ్రంథకర్త బాధ ఎఱిగినవాడే గాని, ఒక్క మహాకవి గ్రంథములకై దేశభాషలన్నిటిలోని గ్రంథములను పదేండ్లు బంధించుట న్యాయమని మేము ఒప్పుకొనజాలము.

ఫలమెట్లున్నదో చూడుడు. సురవరము ప్రతాపరెడ్డిగారు 1953 లో గతించిరి. వారి ‘ఆంధ్రుల సాంఘికచరిత్ర’ పాతనియమము ననుసరించి 2003 తో ప్రజలది కావలసినది. 2013 తో గాని కాలేదు. విశ్వనాథవారి గ్రంథములకు 2036 వఱకును, దాశరథివారికి 2047 వఱకును, కాళోజీగారికి 2062 వఱకును గడువు నడచును. వారసులు అచ్చువేసినచో మేలే. వారసులు తెలియక, అచ్చువేయువాడు లేక, గడువు తీరక మూలపడియున్న వందలకొలది చిన్నరచయితల పుస్తకముల గతి యేమి? చెదపురుగు ఏ చట్టమును చదువదు.

ఈ విషయమున మహాత్ముని చరిత్ర మనకు దీపము. ‘హింద్ స్వరాజ్’ ఆంగ్లప్రతిని 1910 లో ప్రకటించునప్పుడు ఎట్టి హక్కులును ఉంచుకొనలేదని దానిపై అచ్చువేయించెను. పిమ్మట తన రచనలను నవజీవన్ సంస్థకు అప్పగించెను. 2008 తో గడువు తీరినప్పుడు ఆ సంస్థ పొడిగింపు కోరలేదు. పొరుగున తమిళదేశమున సుబ్రహ్మణ్యభారతి గీతముల హక్కులను 1949 లో మదరాసు ప్రభుత్వము స్వీకరించి, తరువాత ప్రజలకు వదలివేసెను. తెలుగు ప్రభుత్వములు రెండును ఈ త్రోవను ఆలోచింపవలెను.

గడువు పొడిగించుటవలన రచయితకు మేలు కలుగునని యనువారు ఒక ప్రశ్నకు బదులు చెప్పవలెను: మన రచయితలలో ఆ హక్కును తన చేతనుంచుకొనినవారెందఱు? సర్వహక్కులను కొలది రూపాయలకు వ్రాసియిచ్చి, తన పుస్తకము పది ముద్రణలు పొందుచుండగా చూచుచు కూర్చున్న తెలుగు రచయితలు తక్కువవారు కారు. 1977 లో సుప్రీంకోర్టు, చలనచిత్రమునకు ప్రతిఫలము పుచ్చుకొని పాట కట్టిన సంగీతకర్తకు, వేఱు ఒడంబడిక లేనియెడల, ఆ చిత్రములోని పాటపై హక్కు నిలువదని, అది నిర్మాతదేయని చెప్పెను. చట్టము చెప్పినట్లు తీర్పు చెప్పిన ఆ పీఠముననే కృష్ణయ్యరుగారు గాయకులకు చట్టమున చోటు లేకపోవుటను ప్రత్యేకముగా ప్రస్తావించి, శాసనకర్తలను హెచ్చరించిరి. ఆ హెచ్చరిక పూర్తిగా ఫలించుటకు 35 ఏండ్లు పట్టెను. 1994 లో గాయకునకును నటునకును ప్రదర్శకహక్కు వచ్చెను. 2012 సవరణచే పాటకవికిని సంగీతకర్తకును రాయల్టీలో సమానభాగము లభించెను. ఆ భాగమును వదలుకొందుమని వ్రాసియిచ్చినను అట్టి వ్రాత చెల్లదు.

ఇచట మన రచయితలు ఎఱుగవలసిన నియమము మఱియొకటి గలదు. హక్కు బదిలీ వ్రాతమూలకముగా, సంతకముతో జరుగవలెను. పత్రమున గడువు చెప్పనిచో ఆ బదిలీ అయిదేండ్లకే చెల్లును. ప్రదేశము చెప్పనిచో ఈ దేశమునకే చెల్లును. పొలము కౌలుకిచ్చు రైతు గడువు, శిస్తు, హద్దులు వ్రాసికొనకుండ కాగితముపై వ్రేలిముద్ర వేయడు. పదేండ్లు కూర్చుండి నవల వ్రాసిన విద్వాంసుడు ఏల వేయవలెను?

చదువరుల పక్షము సైతము చెప్పవలెను. 2012 లో ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి మొదలగు విదేశసంస్థలు ఢిల్లీ విశ్వవిద్యాలయమున రామేశ్వరి యను చిన్న ఫొటోకాపీ దుకాణముపై దావా తెచ్చెను. మాక్మిలన్ వారి కాలము మఱల వచ్చినట్లు తోచెను. అధ్యాపకులు నిర్ణయించిన పాఠములను పెక్కు పుస్తకములనుండి తీసి విద్యార్థులకై ప్రతులు తీయుట బోధనలో భాగమనియు, బోధనావసరము మేరకు అది తప్పు కాదనియు 2016 లో ఢిల్లీ హైకోర్టు పలికెను. 2017 లో సుప్రీంకోర్టు అందు జోక్యము చేసికొనలేదు. మన కాకతీయ విశ్వవిద్యాలయమున చదువు బీదవిద్యార్థికిని ఇది ఊఱట. కాని బోధనకిచ్చిన ఈ సెలవు వ్యాపారమునకిచ్చినది కాదు. అంగడిలో దొరకు నవలను మొదటినుండి తుదివఱకు నకలు తీసి యమ్ముట విద్యాదానము కాదు. రచయిత కంచమునుండి మెదుకు తీయుట.

కావున మా సూచనలు ఇవి. ప్రాచీనగ్రంథములను ప్రకటించువారు దేనిపై తమకు హక్కు గలదో స్పష్టముగా అచ్చువేయవలెను; టీక తమదైన టీక అని, పీఠిక తమదైన పీఠిక అని చెప్పవలెను; మూలముపై బెదిరింపులు మానవలెను. రచయితలు గడువు, రాయల్టీ, ముద్రణసంఖ్య లేని పత్రములపై సంతకము చేయరాదు. 1904 లో హనుమకొండలో నెలకొన్న రాజరాజనరేంద్ర ఆంధ్రభాషానిలయమువంటి గ్రంథాలయములకు చట్టము రెండు సౌకర్యములిచ్చినది: లాభాపేక్ష లేని ప్రజాగ్రంథాలయము ఈ దేశమున అమ్మకమునకు దొరకని పుస్తకమునకు మూడు ప్రతులవఱకు తీసికొనవచ్చును, తన యొద్దనున్న ప్రతిని భద్రతకై యంత్రరూపమున నిలువచేసికొనవచ్చును. వీనిని వినియోగించుకొనుటకు ధనసాహాయ్యము చేయుట సంపన్నగృహస్థుల ధర్మము. పెండ్లిపందిరికి పెట్టు వ్యయములో పదవవంతు చాలును. ప్రభుత్వములు గడువు తీరిన గ్రంథముల జాబితాను తెలుగున ప్రకటింపవలెను. గడువును మఱల పొడిగించు ప్రతిపాదన ఏనాడు వచ్చినను పార్లమెంటులోని మన ప్రతినిధులు ఎదిరింపవలెను.

జానపదగేయముల విషయమున మాత్రము న్యాయము ఇంకను కన్ను తెఱవలేదు. నాట్లువేయు స్త్రీలు తరతరములుగా పాడిన పాటకు కర్త పేరు లేదు. పేరులేనిచో చట్టమున చోటు లేదు. ఆ పాట పల్లవిని తీసి చలనచిత్రమున పెట్టి తన పేరు చేర్చుకొనువానికి చోటున్నది. పాటను వాడుకొనుట తప్పు కాదు, అది అందఱిది. కాని ఏ పల్లెనుండి, ఎవరి నోటినుండి పుచ్చుకొనెనో చెప్పకుండుట రాజశేఖరుని నాటినుండియు చౌర్యమే. రేపు యంత్రములే తెలుగు గ్రంథములను మ్రింగి క్రొత్త వాక్యములు పలుకుచుండగా ఈ ప్రశ్న పదిరెట్లగును. అట్టి వ్యాజ్యమొకటి 2024 నవంబరులోనే ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కినది.

1774 నుండి నేటివఱకు వచ్చిన తీర్పులను కలిపి చదివినచో అందు ఒక్క ధర్మము కానవచ్చును. భావము అందఱిది; చెప్పిన తీరు చెప్పినవానిది; ఆ హక్కును కొంతకాలమే. ఈ మూడింటిలో ఏది తప్పినను విద్య నశించును: మొదటిది తప్పినచో క్రొత్త రచన పుట్టదు, రెండవది తప్పినచో రచయిత బ్రదుకడు, మూడవది తప్పినచో పుస్తకము పాఠకుని చేరదు. పోతన గ్రంథము భూమిలో కుళ్లినదన్న జనశ్రుతిని విని మనము నేటికిని నిట్టూర్చుచున్నాము. మన కాలపు గ్రంథములు వర్తకుని గోదాములోనో, వారసుల వ్యాజ్యములలోనో, చెదలపుట్టలోనో కుళ్లకుండ చూచుట మన చేతనున్నది. ఈ సీమలోని గ్రంథాలయములు ఈ సంవత్సరముననే తమ బీరువాలు తెఱచి, గడువు తీరిన పుస్తకములను లెక్కించుటతో ఆ పనికి పూనుకొనునని మా యాశ.